వార్నింగ్ వచ్చినా ప్రోగ్రాం నడిస్తే మార్కులు ఇవ్వాలా, కోయాలా?

ద్వారకానగర్_ట్యూటర్
సాయంత్రం బ్యాచ్‌లో ఇంజినీరింగ్ ఫస్టియర్ పిల్లలకి సీ ప్రోగ్రామింగ్ భాష చెబుతున్నాను. ఒకడు మెయిన్ కింద ఒక ఫంక్షన్ రాసుకుని, పైన డిక్లరేషన్ (ఇలాంటి ఫంక్షన్ ఒకటుందని ముందే చెప్పే లైను) పెట్టకుండానే మెయిన్‌లో పిలిచాడు. మా సెంటర్‌లోని పాత జీసీసీ కంపైలర్ ‘ఇంప్లిసిట్ డిక్లరేషన్ ఆఫ్ ఫంక్షన్’ అని ఒక వార్నింగ్ పడేసి ఊరుకుంది. జవాబు సరిగ్గానే వచ్చింది. అదే ఫైలు ఇంటి దగ్గర లాప్‌టాప్‌లో, జీసీసీ 14 మీద, ఎర్రర్! రాత్రి పదింటికి ఫోను: “సార్, మీ దగ్గర నడిచింది కదా?” ఇకనుంచి వార్నింగ్ ఉంటే సగం మార్కులు కోసేద్దామనుకుంటున్నా. నాతోపాటు పాఠాలు చెప్పే ఇంకో మాస్టారు ససేమిరా అంటున్నారు. మీరేమంటారు?

నీలితెర_కాలం
ఆ మాస్టారిదే నా మాట. సీ భాష 1989 ప్రమాణంలో అది తప్పు కాదండీ. డిక్లరేషన్ కనబడకపోతే ఆ ఫంక్షన్ ఇంట్ (పూర్ణాంకం) తిరిగి ఇస్తుందని కంపైలరే అనుకునేది. మేమంతా టర్బో సీ అనే పాత కంపైలర్‌లో అలాగే నేర్చుకున్నాం, ఉద్యోగాలూ చేశాం. ఫర్ లూపే ఇంకా పట్టుబడని పిల్లాడికి నాలుగు లైన్ల ఇంగ్లిష్ వార్నింగ్ చూపించి మార్కులు కోస్తే వాడికి మిగిలేది టెన్షన్ ఒక్కటే.

ఆటోనగర్_ఫర్మ్‌వేర్
టర్బో సీలో నడిచింది మన గొప్పతనం కాదు గురువుగారూ. అక్కడ ఇంట్ రెండు బైట్లు, స్మాల్ అనే మెమరీ మోడల్‌లో పాయింటర్ (మెమరీ అడ్రసు) కూడా రెండు బైట్లే. అందుకే తప్పు తప్పులా కనబడలేదు. ఇప్పటి 64 బిట్ మెషీన్‌లో ఇంట్ నాలుగు బైట్లు, పాయింటర్ ఎనిమిది. నేను ఇదివరకు చేసిన ఒక చిన్న కంపెనీలో లింక్డ్ లిస్ట్ నోడ్ తయారుచేసి దాని అడ్రసు తిరిగిచ్చే ఫంక్షన్ వేరే ఫైల్లో ఉండేది, ఒకచోట దాని డిక్లరేషన్ ఉన్న హెడర్ ఫైలు కలపడం మర్చిపోయాం, కంపైలర్ ఆ అడ్రసుని ఇంట్ అనుకుంది. వార్నింగ్ రోజూ వచ్చేది, రోజూ చూసేవాళ్లం, ఎవరూ చదవలేదు. పాత సర్వర్‌లో హీప్ (ప్రోగ్రాం నడుస్తూ అడిగి తీసుకునే మెమరీ) అడ్రసులు చిన్నవి కాబట్టి సరిపోయింది. కొత్త దాంట్లో అడ్రసు పైసగం తెగిపోయి, సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ప్రోగ్రాం కూలిపోయింది. రెండు రాత్రులు నిద్ర లేదు.

ఎంవీపీ కాలనీ అని ఆటో ఎక్కితే ఏ సెక్టారని అడుగుతాడు కదా. అడగకుండా ఒకటో సెక్టారే అనుకుని దించేసి పోయే ఆటోవాడు ఆ పాత కంపైలర్.

రెల్లివీధి_కోడర్
మెమరీ ఇచ్చే మాలాక్ ఫంక్షన్ కూడా అంతే అన్నా, ఎస్‌టీడీలిబ్ హెడర్ కలపకపోతే అడ్రసు తెగిపోద్ది.

ఆటోనగర్_ఫర్మ్‌వేర్
జీసీసీలో అలా కాదు తమ్ముడూ. మాలాక్, ప్రింట్ఎఫ్ లాంటివి దానికి ముందే తెలుసు. ‘ఇన్‌కంపాటబుల్ ఇంప్లిసిట్ డిక్లరేషన్ ఆఫ్ బిల్ట్ఇన్ ఫంక్షన్’ అని వేరే వార్నింగ్ ఇచ్చి, తనకు తెలిసిన అసలు టైపే వాడుకుంటుంది. దెబ్బ తగిలేది మనం రాసుకున్న ఫంక్షన్లకి.

నీలితెర_కాలం
సరే, పాయింటర్ల గోల ఒప్పుకున్నా. ఫస్టియర్‌లో అంతా ఇంట్ కూడికలే కదా, అక్కడ ఏటి నష్టం?

రుషికొండ_నైట్‌షిఫ్ట్
నష్టం ఆర్గ్యుమెంట్ల దగ్గర. ఇంట్ తీసుకునే ఫంక్షన్‌కి 2.5 ఇచ్చి చూడండి. పైన ప్రోటోటైప్ (ఆర్గ్యుమెంట్ల టైపులు కూడా చెప్పే డిక్లరేషన్) ఉంటే అది 2గా మారి వెళుతుంది. లేకపోతే డబుల్‌గానే (దశాంశ సంఖ్యగానే) వెళుతుంది. మన పీసీల్లో డబుల్‌కి ఒక రిజిస్టరు (ప్రాసెసర్ లోపలి చిన్న డబ్బా), ఇంట్‌కి ఇంకొకటి. ఫంక్షన్ వెళ్లి ఖాళీ డబ్బా తెరిచి, అందులో ఏ చెత్త ఉంటే అది తెచ్చుకుంటుంది. ఇంకోటి, 1999 ప్రమాణం సీ99 నుంచే డిక్లరేషన్ లేకుండా పిలిచే ఈ వెసులుబాటు భాషలో లేదు. 2023లో క్లాంగ్ 16 అనే ఇంకో కంపైలర్, 2024లో జీసీసీ 14 దీన్ని ఎర్రర్ చేసేశాయి. అంటే మీ కుర్రాడి లాప్‌టాప్ రూలు ప్రకారమే మాట్లాడింది, మీ సెంటరే పాతికేళ్లు వెనక ఉంది. కోపం తెచ్చుకోకండి.

ద్వారకానగర్_ట్యూటర్
కోపం లేదు, సిగ్గు ఉంది. మార్కుల మాట వెనక్కి తీసుకుంటున్నా. వాడని వేరియబుల్‌కి వచ్చే వార్నింగూ ఇదీ ఒకటి కాదు, రెంటికీ ఒకే శిక్ష అన్యాయం. ఈ ఒక్కదాన్ని మాత్రం పాత జీసీసీలో కూడా ‘డబ్ల్యూఎర్రర్’ ఆప్షన్‌తో ఎర్రర్ చేసేస్తా. ప్రోటోటైప్ పెట్టేదాకా రన్నే అవదు, ఇక కోయడానికి ఏముంది?

నీలితెర_కాలం
కోయకుండా ఆపడమా, అయితే నాకు అభ్యంతరం లేదు. మొదటి వారం మాత్రం వదిలేయండి పాపం.

ఆ_ఫోన్_చేసింది_నేనే
సార్, నేనే. మార్కుల సగటు ప్రోగ్రాంలో ఒక్కోసారి జవాబు పిచ్చిగా వస్తోందని చెప్పాను, గుర్తుందా? దాంట్లో కూడా ఇప్పుడే పైన ప్రోటోటైప్ పెట్టాను. ‘టూ ఫ్యూ ఆర్గ్యుమెంట్స్’ అని కొత్త ఎర్రర్ వచ్చింది. మూడు సబ్జెక్టుల ఫంక్షన్‌కి రెండే పంపిస్తున్నాను సార్, సెమిస్టర్ మొదటి నుంచీ.