బోరు నీళ్లకు 25 లీటర్ల గీజర్ ఒకటా, 15 లీటర్లవి రెండా?

రెండు బాత్రూములు, నలుగురు మనుషులు. నీళ్ల హార్డ్‌నెస్ (కరిగి ఉన్న సున్నం లాంటి లవణాలు) లీటరుకు 450 మిల్లీగ్రాములు. ఎక్కువగా బకెట్ స్నానాలే, ఒకచోట షవర్ ఉంది.

నీళ్లు పారుతుండగానే వేడిచేసే ఇన్‌స్టంట్ రకం వద్దనే అనుకుంటున్నాను. 3 కిలోవాట్లది నీటిని 15 డిగ్రీలు వేడెక్కించాలంటే నిమిషానికి మూడు లీటర్లు కూడా రావు. ఇరవై లీటర్ల బకెట్‌కు ఏడు నిమిషాలు పడుతుంది.

2 కిలోవాట్ల 25 లీటర్ల గీజర్ అయితే 25 డిగ్రీల నీళ్లను 60కి తేవడానికి అరగంట చాలు. చిక్కల్లా పైపుతోనే. రెండో బాత్రూము 8 మీటర్ల దూరం. అరంగుళం పైపులో ప్రతిసారీ సుమారు లీటరు వేడినీళ్లు చల్లారి వృథా అవుతాయి. అందుకే రెండు చిన్నవి మేలేమో అనిపిస్తోంది. కానీ అప్పుడు సున్నం తీయాల్సిన ట్యాంకులూ రెండవుతాయి కదా!

ఈ నీళ్లకు అసలు భయం సున్నమే. 60 డిగ్రీలు దాటేకొద్దీ అది త్వరగా పేరుకుంటుంది, ఎలిమెంట్ (నీళ్లను వేడిచేసే కడ్డీ) చుట్టూ తెల్లటి పెచ్చు కడుతుంది, దాని వేడి నీళ్లకు అందక లోపలి తీగ కాలిపోతుంది. థర్మోస్టాట్‌ను 60 దాటనివ్వను.

వాడుతున్నవాళ్లు దయచేసి చెప్పండి: ఇంత హార్డ్‌నెస్‌కు గ్లాస్ పూత ట్యాంకు మంచిదా, స్టీలుదా? ట్యాంకు తుప్పు పట్టకుండా తాను అరిగే మెగ్నీషియం ఆనోడ్ కడ్డీ ఎన్నాళ్లకు అరిగిపోతోంది? తర్వాత ప్రెషర్ పంపు పెడితే 8 బార్ల ఒత్తిడిని తట్టుకునే ట్యాంకు సరిపోతుందా? చల్లనీళ్ల లైనులో నీళ్లను వెనక్కి పోనివ్వని నాన్‌రిటర్న్ వాల్వు ఉంటే, వేడికి పెరిగిన నీళ్లు సేఫ్టీ వాల్వు నుంచి కారుతున్నాయా?