కెమిస్ట్రీ మేజర్‌లో చేరాను, మొదటి ల్యాబ్ రిపోర్టుకే దెబ్బ పడింది

గుంటూరు అమ్మాయి:

అన్నలకీ అక్కలకీ నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. ఇంటర్ బైపీసీ, మార్కులు బాగానే వచ్చాయి. నీట్ రెండుసార్లు రాశాను, సీటు రాలేదు. మావయ్య వాళ్లు ఇక్కడే ఉన్నారని అమెరికా వచ్చి బ్యాచిలర్స్‌లో కెమిస్ట్రీ మేజర్ తీసుకున్నాను. వచ్చి నెల కావస్తోంది, క్లాసులు మొదలై మూడు వారాలు. మోల్ కాన్సెప్ట్, గ్యాస్ లాస్, పీరియాడిక్ టేబుల్, అన్నీ ఇంటర్లో అరగదీసినవే. పక్కవాళ్లు క్యాలిక్యులేటర్ తీసేలోపు నేను జవాబు చెప్పేస్తున్నాను. కానీ మొదటి ల్యాబ్ రిపోర్టుకి ఇరవైకి పదకొండే వేశారు. జవాబు కరెక్టే, మార్కులు ఎందుకు పోయాయో తెలియడం లేదు. ఈ ఫస్టియర్ కోర్సు వదిలేసి నేరుగా ఆర్గానిక్‌కి వెళ్లొచ్చా? బీఎస్ అయ్యాక ఇక్కడే మెడిసిన్ చేయాలని నా ఆలోచన. ఇంట్లోవాళ్లేమో కెమిస్ట్రీతో ఉద్యోగం వస్తుందా అని రోజూ ఫోన్లో అదే ప్రశ్న. టెన్షన్‌గా ఉంది.

డల్లాస్ బాబాయ్:

అమ్మాయ్, ఇంకా మొదటి సెమిస్టరే కదా, కంప్యూటర్ సైన్స్‌కి మారిపో. మా అపార్ట్‌మెంట్లో ఎవరినడిగినా ఇదే చెబుతారు.

బెజవాడ అక్క, న్యూజెర్సీ:

బాబాయ్ గారూ, మీ అపార్ట్‌మెంట్లో అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్లే అయితే ఇంకేం చెబుతారు!

చెల్లీ, నేను విజయవాడలో ఇంటర్ అయ్యాక వచ్చి ఇక్కడే కెమిస్ట్రీలో బీఎస్ చేశాను. ఇప్పుడు మందుల కంపెనీలో, క్వాలిటీ ల్యాబ్‌లో పని. మిగతావన్నీ తర్వాత, ముందు ఆ పదకొండు మార్కుల సంగతి చూద్దాం.

మా కాలేజీలో ల్యాబ్ తాళం తీసేదే ప్రాక్టికల్స్‌కి పది రోజుల ముందు. సాల్ట్ నీలంగా ఉందా, కాపర్. వెనిగర్ వాసన వస్తోందా, అసిటేట్. టెస్టులు చేయకుండానే జవాబు రాసేసి, పైన ప్రొసీజర్ నింపేవాళ్లం. టైట్రేషన్‌లో (ఒక ద్రావణాన్ని కొలిచి పోస్తూ ఇంకోదాని గాఢత కనుక్కోవడం) ఎంత రావాలో అటెండరు చెవిలో చెప్పేవాడు. పిపెట్‌ని నోటితోనే పీల్చేవాళ్లం. ఒకసారి ఆక్జాలిక్ యాసిడ్ నోట్లోకి వచ్చేస్తే ఉమ్మేసి, పుల్లగా ఉందే అని నవ్వుకున్నాం. అది విషమన్న ధ్యాసే లేదు. చివరికి ముప్పైకి ముప్పై వేశారు.

ఆ ముప్పైని పట్టుకుని ఇక్కడికి వచ్చాను. రెండో ఏడాది అనలిటికల్ ల్యాబ్‌లో గాఢత తెలియని యాసిడ్ ఒకటి ఇచ్చారు, సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేయాలి. ఒక్కొక్కరిది ఒక్కో గాఢత, అసలు విలువకి ఎంత దగ్గరగా వస్తే అన్ని మార్కులు. మొదటి రెండు రీడింగులు 24.36, 24.41 మి.లీ. వచ్చాయి. మూడోసారి బ్యూరెట్ (కొలత గీతలుండే గాజు గొట్టం) కుళాయి కొంచెం ఎక్కువ తిరిగింది, 24.83. చెయ్యి అలవాటు ప్రకారం పోయింది. 83 లో ఎనిమిదిని మూడు చేశాను, మూడుని ఎనిమిది చేశాను. 24.38, ముచ్చటగా సరిపోయింది. టీఏ, అంటే ల్యాబ్ చూసుకునే పీజీ విద్యార్థి, వచ్చి నోట్‌బుక్ చూశాడు, తర్వాత బెంచీ చూశాడు. మొదటి రెండు ఫ్లాస్కులు లేత గులాబీలో, కనీకనపడని రంగులో ఉన్నాయి. మూడోది రోజా సోడాలా ఉంది. "ఇది 24.38 ఎలా అయింది?" అన్నాడు. అరవలేదు. ఆ ఎక్స్‌పెరిమెంటుకి సున్నా వేసి, మళ్లీ ఇలా చేస్తే కాలేజీ కమిటీ ముందుకు వెళ్తుందని చెప్పాడు. ఉన్నదున్నట్టు 24.83 రాసి, పక్కన 'ఎండ్ పాయింట్ దాటింది' (రంగు మారగానే ఆపాల్సిన చోటు దాటింది) అని ఒక్క ముక్క పెట్టి, నాలుగోది చేసుంటే ఒక్క మార్కూ పోయేది కాదు.

నీ రిపోర్టు చూడకుండానే కొన్ని చెప్పగలను. బ్యూరెట్ రీడింగు 23.4 అని రాసి ఉంటావు. గీతలు 0.1 మి.లీ.కి ఒకటి ఉంటాయి, రెండు గీతల మధ్య ఎక్కడుందో కంటితో అంచనా వేసి రెండో దశాంశం కూడా రాయాలి. సరిగ్గా గీత మీదే ఉన్నా 23.40 అనే రాయాలి. జవాబులో క్యాలిక్యులేటర్ చూపించిన అంకెలన్నీ ఎక్కించి ఉంటావు, దానికీ కోస్తారు. నోట్‌బుక్‌లో పెన్సిల్, ఎరేజర్, వైట్‌నర్ ఏవీ వాడకూడదు. పెన్నుతో రాయాలి, తప్పయితే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయాలి. కొట్టేసింది కూడా చదవడానికి వీలుగా ఉండాలి. నేను ఇవాళ్టికీ ఉద్యోగంలో చేసేది అదే, పైన సంతకం, తేదీ అదనం. ఎండ్ పాయింట్ దగ్గర పడ్డాక చుక్క మొత్తం వదలకు. కుళాయి కొంచెమే తిప్పి చుక్క కొనకి వేలాడగానే ఆపి, ఫ్లాస్కు గోడకి తాకించి, నీళ్లతో కడిగి లోపలికి దింపు. దాన్నే అరచుక్క అంటాం. లేత రంగు 30 సెకన్లు నిలిస్తే చాలు.

కాబట్టి ఫస్టియర్ ల్యాబ్ మాత్రం వదలకు. థియరీ మనం మోసుకొస్తాం, చేతులకి మాత్రం ఇంకా పని రాదు. ఆర్గానిక్‌లో ఇంకో చిక్కుంది. ఇంటర్లో నేమ్డ్ రియాక్షన్లు వరసగా అప్పజెప్పేవాళ్లం కదా, ఇక్కడ ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తాయో వంపు బాణాలు గీసి చూపించాలి. జవాబు కరెక్టయి బాణం తిరగబడితే మార్కులుండవు. బంతులూ పుల్లలూ ఉండే మోడల్ కిట్ కొనుక్కో, సీనియర్ల దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది.

నాకు అసలు భయం వేసింది నీ బైపీసీ చూసి. పదో తరగతి తర్వాత నువ్వు లెక్కల మొహం చూడలేదు. మూడో ఏడాదిలో ఫిజికల్ కెమిస్ట్రీ వస్తుంది, థర్మోడైనమిక్స్, క్వాంటమ్, అంతా కాలిక్యులస్ మీదే నడుస్తుంది. ఫిజిక్స్‌కీ అదే కావాలి. ప్రీకాలిక్యులస్ దగ్గర మొదలుపెట్టి ఒక్కో సెమిస్టర్ ఒక్కో మెట్టు ఎక్కితే గానీ అప్పటికి అందుకోలేవు. ఇది ఆలస్యమైతే డిగ్రీయే ఏడాది వెనక్కి పోతుంది. రేపే అడ్వైజర్‌ని కలువు.

మెడిసిన్ విషయం చేదుగా ఉన్నా చెబుతాను. ఇక్కడి మెడికల్ స్కూళ్లలో చాలావరకు ఎఫ్‌1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ల అప్లికేషన్లే తీసుకోవు. తీసుకునే కొద్దింటిలో పోటీ విపరీతం. దాని మీదే ఆశ పెట్టుకుని కెమిస్ట్రీని మధ్యలో మజిలీలా చూడకు. మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి 1920ల మొదట్లో బోస్టన్ వచ్చారు. పేరు వచ్చింది బయోకెమిస్ట్రీలో. 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన ప్రచురించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని మాకు బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో చెప్పారు. క్లాసులో ఆ పేరు సరిగా పలికింది నేనొక్కదాన్నే!

ఉద్యోగం సంగతి: మందులు, ఆహారం, నీళ్లు, పెయింట్లు, అన్నిచోట్లా ల్యాబ్‌లు ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ జీతం రాదు, ఇంట్లో ముందే చెప్పెయ్. చదువయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో పని చేసే అనుమతి) 12 నెలలు, కెమిస్ట్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కిందకే వస్తుంది కాబట్టి ఇంకో 24 నెలలు అడగొచ్చు. ఇంటర్వ్యూలో నన్ను అడిగింది ర్యాంకు కాదు, హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే మిషన్) మీద చేయి పడిందా అని. పడింది, మీ గుంటూరు పుణ్యమే. నాలుగో ఏడాది ఇన్‌స్ట్రుమెంటల్ ల్యాబ్‌లో ఎవరి శాంపిల్ వాళ్లు తెచ్చుకోమంటే, అమ్మ మిర్చి యార్డులో కొని పట్టించి పంపిన కారం తీసుకెళ్లాను. కవరు విప్పగానే బెంచీ అంతా తుమ్ములు. ఆల్కహాల్‌లో నానబెట్టి, వడగట్టి, మిషన్‌లోకి ఎక్కిస్తే 280 నానోమీటర్ల కాంతి దగ్గర గ్రాఫ్‌లో రెండు పీకులు (శిఖరాలు) లేచాయి. ముందు కాప్సైసిన్, వెనక డైహైడ్రోకాప్సైసిన్, రెండూ కారానికి ఘాటునిచ్చేవే. 1912లో స్కోవిల్ అనే అమెరికన్ ఫార్మసిస్టు ఇదే ఘాటుని చక్కెర నీళ్లలో కలిపి మనుషుల నాలుకల మీద కొలిచాడు. పాపం ఆ నాలుకలు.

తెనాలి అన్న, పీహెచ్‌డీ నాలుగో ఏడు:

అక్క చెప్పినవాటిలో ఒకదానికి చిన్న సవరణ. థియరీ మరీ తేలికగా ఉంటే డిపార్ట్‌మెంట్‌లో తెలిసిన కోర్సు దాటేయడానికి ప్లేస్‌మెంట్ పరీక్ష ఉందేమో అడుగు, ఖాళీగా కూర్చోవడం కూడా మంచిది కాదు. ల్యాబ్ మాత్రం చెయ్యి.

వేసవిలో ఆర్‌ఈయూ అని రీసెర్చ్ ప్రోగ్రాములు కనిపిస్తాయి. ఎన్‌ఎస్‌ఎఫ్ (అమెరికా ప్రభుత్వ సైన్స్ నిధుల సంస్థ) డబ్బుతో నడిచేవి సిటిజన్లకీ గ్రీన్‌కార్డు వాళ్లకీ మాత్రమే. నేను తెలియక ఏడింటికి అప్లికేషన్ పెట్టాను. దానికన్నా మీ కాలేజీలోనే ప్రొఫెసర్ల ఆఫీస్ అవర్స్‌కి వెళ్లి అడుగు. మొదట గ్లాస్‌వేర్ కడగమంటారు, కడుగు. క్యాంపస్‌లో పని చేస్తే సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు దాటకూడదు. ఇంకోటి, ఇక్కడ కెమిస్ట్రీ పీహెచ్‌డీకి మాస్టర్స్ అక్కర్లేదు. మామూలుగా ఫీజు మాఫీ చేసి, టీఏ పనికో రీసెర్చ్ పనికో స్టైపెండ్ ఇస్తారు. బీఎస్ అవగానే చేరొచ్చు. నేనూ అలాగే వచ్చాను.

గుంటూరు అమ్మాయి:

అక్కా, మీరు పక్కన ఉండి చూసినట్టే రాశారు. 23.4 అనే రాశాను, రెండుచోట్ల ఎరేజర్ కూడా వాడాను. అడ్వైజర్‌ని కలిశాను. ఈ సెమిస్టర్‌లో కొత్త కోర్సు చేర్చుకునే గడువు దాటిపోయిందట, జనవరిలో ప్రీకాలిక్యులస్ రాసుకున్నారు. మెడిసిన్ మాట ఇంట్లో ఇంకా చెప్పలేదు. రేపు టైట్రేషన్ ల్యాబ్ ఉంది.

బెజవాడ అక్క, న్యూజెర్సీ:

చున్నీ వద్దు, చెప్పులు వద్దు, జుట్టు ముడేసుకో. ఇంట్లో మాట దసరా సెలవుల్లో నాన్నగారు తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పు. రేపు మూడో ఫ్లాస్కు ఏ రంగుకొచ్చిందో ఇక్కడ రాయి.