డెవాప్స్ అని పేరైతే పెట్టుకున్నాం, టీమ్ మాత్రం మారలేదు. మీ దగ్గర ఏం పనిచేసింది?

కొత్త_లీడ్:
టీమ్ లీడ్ అయ్యి ఎనిమిది నెలలైంది. డెవలపర్లు ఏడుగురు, టెస్టింగ్‌కి ఇద్దరు, ఆపరేషన్స్ (సర్వర్లు, సర్వీసులు నడిపేవాళ్లు) వేరే విభాగం. డెవాప్స్ అంటే కోడ్ రాసేవాళ్లు, నడిపేవాళ్లు కలిసి పనిచేయడం కదా, పోయినేడు ఈ రెండింటి మధ్య డెవాప్స్ టీమ్ అని మూడోది పెట్టారు. దాంతో ఒక మార్పు ప్రొడక్షన్‌కి, అంటే జనం వాడే అసలు సిస్టమ్‌కి, వెళ్లాలంటే ఇదివరకు ఒక టికెట్ సరిపోయేది, ఇప్పుడు రెండు పెట్టాలి. పైప్‌లైన్ ఉంది, కంటైనర్లు ఉన్నాయి, డ్యాష్‌బోర్డులు ఉన్నాయి, టూల్స్‌కి లోటు లేదు, అయినా రిలీజ్ నెలకోసారే, అదీ శుక్రవారం రాత్రి, అందరికీ టెన్షన్. సర్వీస్ పడిపోతే మొదటి గంటంతా "మా వైపు అంతా బాగానే ఉంది" అని ఒకరికొకరు చెప్పుకోవడానికే పోతుంది. అందరూ పని బాగా వచ్చినవాళ్లే. ఎక్కడ మొదలుపెట్టమంటారు? టూల్స్ పేర్లు వద్దండీ, మీరు చేసి చూసినవి చెప్పండి.

పాత_సిసాడ్మిన్:
ముందు ఆ మూడో టీమ్ సంగతి చూడండి. 2009లో ఫోటోల సైట్ ఫ్లికర్‌లో పనిచేసే జాన్ ఆల్‌స్పా, పాల్ హామండ్ రోజుకు పదికి పైగా డిప్లాయ్‌లు (కొత్త కోడ్‌ని ప్రొడక్షన్‌లో పెట్టడం) చేస్తున్నామని ఒక సదస్సులో చెప్పారు. అందరికీ ఆ పది అంకె గుర్తుండిపోయింది గానీ, డెవలపర్లు, ఆపరేషన్స్ వాళ్లు ఒకరినొకరు నమ్మడం గురించి కూడా వాళ్లు అంతే గట్టిగా చెప్పారు. అదే ఏడాది అక్టోబర్‌లో బెల్జియంలోని ఘెంట్‌లో పాట్రిక్ దెబ్వా మొదటి డెవాప్స్‌డేస్ సదస్సు పెట్టాడు, ఆ పేరు అక్కడి నుంచే పాకింది. ఇద్దర్నీ దగ్గర చేయడానికి పుట్టిన మాట అది, మీ దగ్గర ఆ పేరుతోనే మధ్యలో ఇంకో గోడ లేచింది.

నేను ఆపరేషన్స్ వైపువాణ్ణి. మమ్మల్ని తలా ఒక డెవలప్‌మెంట్ టీమ్ పక్కన కూర్చోబెట్టారు, అంతే. మొదటి వారంలోనే ఒక కుర్రాడికి వాళ్ల సర్వీస్ లాగ్ (అది నడుస్తూ రాసుకునే రికార్డు) తెరిచి చూపించాను. వరసగా నాలుగు వందల లైన్లు, ప్రతి లైన్‌లోనూ "ఏదో తప్పు జరిగింది" అన్న ఒక్క ముక్కే. ఏ ఆర్డరో లేదు, ఏ సర్వీస్ జవాబివ్వలేదో లేదు. "రాత్రి రెండింటికి మీరు దీన్నే చూస్తారా అన్నా?" అన్నాడు. మర్నాటికల్లా లాగ్‌లో ఆర్డర్ నంబరు, టైమ్‌అవుట్ అయిన సర్వీస్ పేరు, ఎన్ని మిల్లీసెకన్లు ఆగిందో అన్నీ వచ్చేశాయి. నేను అంతకుముందు రెండేళ్లుగా టికెట్ల మీద టికెట్లు పెట్టి అడుగుతున్నది అదే.

ఆన్‌కాల్_అక్క:
పై మాట నిజం. దానికి తోడు పేజర్ (అలర్ట్ వస్తే రాత్రైనా లేచి చూసే డ్యూటీ) కూడా కోడ్ రాసినవాళ్ల చేతికే రావాలి. అమెజాన్‌లో టెక్నాలజీ పెద్ద వెర్నర్ వోగెల్స్ 2006లోనే చెప్పాడు కదా, కట్టినవాళ్లే నడపాలని. మా దగ్గర రోజూ రాత్రి 2:10కి డిస్క్ అలర్ట్ వచ్చేది, ఆపరేషన్స్ వాళ్లు దాన్ని ఆపేసి పడుకునేవాళ్లు. పేజర్ మా టీమ్‌కి వచ్చిన మూడో రోజే, ఆ టైమ్‌లో నడిచే రిపోర్ట్ జాబ్ తాత్కాలిక ఫైళ్లు చెరపడం లేదని తేలింది. మార్చింది రెండు లైన్లు.

వెళ్లిపోయిన_డెవలపర్:
అక్కా, దీనికి మాత్రం నేను ఒప్పుకోను. మా పాత ఆఫీసులో ఇదే మాట చెప్పి పేజర్ ఇచ్చారు, ప్రొడక్షన్ చూసే పర్మిషన్ మాత్రం ఇవ్వలేదు. రాత్రి లేవాలి, ఇంకొకర్ని లేపాలి, పొద్దున తొమ్మిదికి మళ్లీ స్టాండప్ మీటింగ్‌లో ఉండాలి, ఫీచర్ గడువు మాత్రం మారదు. నాలుగు నెలల్లో నాతో సహా ముగ్గురం మానేశాం. బాధ్యత ఇచ్చి అధికారం ఇవ్వకపోతే అది శిక్షే అవుతుంది.

ఆన్‌కాల్_అక్క:
మీరన్నది న్యాయం, నేను సగమే చెప్పాను. మేం ముందే మూడు ఒప్పించుకున్నాం. సరిచేసే పర్మిషన్ మాకే ఉండాలి, రాత్రి లేస్తే మర్నాడు పొద్దున సెలవు, ఎర్రర్ బడ్జెట్, అంటే సర్వీస్ ఎంతసేపు పడిపోవచ్చని ముందే ఒప్పుకున్న టైమ్, అయిపోతే కొత్త ఫీచర్లు ఆగాలి. సర్వీస్ 99.9 శాతం టైమ్ నడుస్తుందని మాటిస్తే 30 రోజుల్లో 43 నిమిషాలే పడిపోవచ్చు, అంతకు మించితే ఆ నెల మిగతా రోజులన్నీ బాగుచేసే పనే. ఈ మూడోది ప్రోడక్ట్ వాళ్లతో కూర్చుని, ఏ గొడవా లేని రోజున రాసి పెట్టుకోవాలి. సర్వీస్ పడిపోయాక అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

టెస్టింగ్_నుంచి:
"మా వైపు బాగానే ఉంది" అంటున్నారంటే వాళ్లకి భయం ఉందని అర్థం. మా దగ్గర ఒకమ్మాయి టెస్ట్ డేటాబేస్ అనుకుని ప్రొడక్షన్‌లో స్క్రిప్ట్ నడిపింది. ఇరవై నిమిషాలు ఎవరికీ చెప్పలేదు, ఒక్కతే సరిచేయాలని చూసింది. అసలు నష్టం జరిగింది ఆ ఇరవై నిమిషాల్లోనే. మర్నాడు మీటింగ్‌లో మేనేజర్ ఎవరు చేశారని అడగలేదు, "ఆ రెండు టెర్మినల్స్ చూడ్డానికి ఒకేలా ఎందుకున్నాయి?" అని అడిగారు. ఇప్పుడు ప్రొడక్షన్ టెర్మినల్ ఎర్రగా ఉంటుంది, డేటాబేస్ పేరు చేత్తో టైప్ చేస్తే గానీ స్క్రిప్ట్ కదలదు. నెల తర్వాత ఇంకొకతను తప్పు చేసి రెండు నిమిషాల్లో గ్రూప్‌లో చెప్పేశాడు.

2017 జనవరి 31న, కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో ఇలాగే ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్ సర్వర్‌లోనే డేటా చెరిపేశాడు, సుమారు ఆరు గంటల డేటా పోయింది. బ్యాకప్‌లు సరిగా పనిచేయడం లేదని కూడా అప్పుడే తెలిసింది. వాళ్లు దాచలేదు, బాగుచేసే పనిని అందరికీ లైవ్‌లో చూపించారు. ఆ రిపోర్ట్ మీ టీమ్ అంతా కలిసి చదవండి.

చిన్న_మెర్జ్:
నాది చిన్న సలహా. ఒక మార్పు తీసుకుని, కోడ్ రాయడం అయిన క్షణం నుంచి వాడేవాళ్లకి చేరేదాకా గంటలు కాగితం మీద రాయండి. మాకు తొమ్మిది రోజులు వచ్చింది, అందులో చేతిపని ఐదు గంటలే. రివ్యూ కోసం మూడు రోజులు, అప్రూవల్ కోసం నాలుగు, మిగతాది టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ ఖాళీ లేక. రివ్యూ ఎందుకు ఆగిందంటే నలభై ఫైళ్ల మెర్జ్‌ని (అసలు కోడ్‌లో కలపడానికి పంపిన మార్పుని) ఎవరూ తెరవరు. చిన్న ముక్కలుగా పంపడం మొదలెట్టాక అదే రోజు రివ్యూ అయిపోతోంది.

సాఫ్ట్‌వేర్ టీమ్‌ల మీద పరిశోధన చేసే డోరా వాళ్ల నాలుగు కొలతలు, అంటే ఎన్నిసార్లు డిప్లాయ్ చేస్తాం, మార్పు చేరడానికి ఎంతసేపు, ఎన్ని మార్పులు దెబ్బతింటాయి, మళ్లీ నిలబడడానికి ఎంతసేపు, ఇవి మీ టీమ్‌ని నిన్నటి మీతోనే పోల్చుకోవడానికి వాడండి. వీటితో టీమ్‌లకి ర్యాంకులు ఇస్తే అంకెలు బాగుంటాయి, పని అలాగే ఉంటుంది.

పాత_సిసాడ్మిన్:
రోల్‌బ్యాక్ (పాత కోడ్‌కి వెనక్కి వెళ్లడం) కూడా పట్టపగలు సాధన చేయండి. 2012 ఆగస్టులో షేర్ల ట్రేడింగ్ సంస్థ నైట్ క్యాపిటల్‌లో ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు. కంగారులో మిగతా ఏడింటి నుంచి కూడా కొత్త కోడ్ తీసేస్తే పాత కోడ్‌లోని లోపం అన్నింట్లోనూ లేచింది. 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా పోయాయి.

కొత్త_లీడ్:
అందరికీ ధన్యవాదాలు. కాగితం పని ఇవాళే చేశాను, మాకు పదహారు రోజులు వచ్చింది, అందులో పదకొండు ఆ రెండు టికెట్ల దగ్గరే. దీన్ని పట్టుకుని డెవాప్స్ టీమ్ లీడ్ దగ్గరికి వెళ్లాను. గొడవవుతుందనుకున్నా. ఆవిడ చూసి, "మాకూ ఇదే నరకం, సోమవారం నుంచి మావాళ్లు ఇద్దరు మీ స్టాండప్‌కి వస్తారు" అన్నారు. శుక్రవారం రిలీజ్‌ని మంగళవారం పొద్దుటికి మార్చమని అడిగాను, ఇంకా జవాబు రాలేదు. వస్తే ఇక్కడే రాస్తాను.