ఇంగ్లాండ్‌లో గుంటూరు–బెజవాడ వాళ్ళు: ఏడో నెల, మంగు, దురద

పట్టాభిపురం అమ్మాయి:
అందరికీ నమస్తే. లెస్టర్ వచ్చి రెండు నెలలైంది. నాకిప్పుడు ఏడో నెల దాటింది. బుగ్గల మీద మంగు, పొట్ట మీద నల్ల గీత, చారలు. రాత్రిళ్ళు దురద కూడా. మంగుకని గుంటూరు నుంచి అమ్మ ఒక క్రీమ్ ట్యూబు పంపింది. రాసుకోవచ్చా?

బెజవాడ బాబాయ్:
అమ్మా, ముందు మందులకి డబ్బులు కట్టకు. నీ కాన్పు చూసే మిడ్‌వైఫ్‌ని అడిగి మెటర్నిటీ ఎగ్జెంప్షన్ (మందులకి డబ్బు కట్టనక్కర్లేదనే సర్టిఫికెట్) తీసుకో. డెలివరీ దాకా ప్రిస్క్రిప్షన్లు ఫ్రీ. మా కోడలు తెలియక ఒక్కో మందుకి 9 పౌండ్ల 90 పెన్నీలు పోసింది. డబ్బు వెనక్కి రావాలంటే కట్టేటప్పుడే ఎఫ్‌పీ57 అనే రసీదు అడగాలి, తర్వాత ఇవ్వరు.

తెనాలి కోడలు:
డెలివరీ దాకా కాదు బాబాయ్ గారూ, డాక్టర్లు ఇచ్చిన కాన్పు డేట్ తర్వాత ఇంకో ఏడాది. అయినా ఆ పిల్ల అడిగింది క్రీమ్ గురించి. ట్యూబు వెనక చూడమ్మా. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్ అని ఉంటే పారెయ్. మన దగ్గర చీటీ లేకుండానే ఇచ్చేస్తారు, అందుకే ఆంటీలకి అదేదో పౌడర్ లాగా అనిపిస్తుంది. మంగుకి సన్‌స్క్రీన్ చాలు, కాన్పయ్యాక చాలామందికి తగ్గుతుంది. నల్ల గీతా అంతే. చారలు మాత్రం పూర్తిగా పోవు, రంగు తగ్గుతాయి.

కొత్తపేట అక్క:
మంగు సంగతి తర్వాత. దురద ఎక్కడ? అరిచేతులు, అరికాళ్ళా? నాకు 34వ వారంలో దద్దుర్లేమీ లేకుండా అరికాళ్ళు మండేవి. అర్ధరాత్రి లేచి గుమ్మం దగ్గర పీచు పట్ట మీద పాదాలు రుద్దుకునేదాన్ని. అమ్మేమో వీడియో కాల్‌లో ‘వేడి చేసిందే, మజ్జిగ తాగు’. సర్జరీలో (ఇక్కడ మామూలు డాక్టర్ క్లినిక్‌ని అలాగే అంటారు) రిసెప్షన్ ఆవిడ ‘దురదే కదా’ అని పన్నెండు రోజుల తర్వాత టైమ్ ఇచ్చింది. నేనూ బుద్ధిగా కూర్చున్నా. బీపీ చూడ్డానికి వెళ్ళినప్పుడు నా కాళ్ళ మీద గీరుకున్న గీతలు చూసి మిడ్‌వైఫ్ ఆ రోజే రక్తం తీయించింది. బైల్ యాసిడ్స్ 46. లివర్ నుంచి పైత్యరసం సరిగ్గా దిగకపోతే వచ్చే దురదట అది. 100 దాటితే బిడ్డకే ప్రమాదం అన్నారు. వారం వారం టెస్టులు, 38వ వారంలో నొప్పులు తెప్పించారు. బాబు బాగున్నాడు, ఇప్పుడు రెండో క్లాసు.

బెజవాడ బాబాయ్:
మా అమ్మ ఆరుగుర్ని కన్నది. ఈ యాసిడ్ల పేరే వినలేదు. కొబ్బరినూనె, సున్నిపిండి, అంతే.

కొత్తపేట అక్క:
కన్నది ఆరుగుర్నా, దక్కింది ఆరుగురా బాబాయ్ గారూ? కొబ్బరినూనె రాసుకోవద్దని నేననలేదు. టెస్టు మానొద్దంటున్నా.

తెనాలి కోడలు:
అక్కా, దురదంతా అదే కాదు. నాకు పొట్ట చారల్లోనే ఎర్ర దద్దుర్లు లేచాయి, బొడ్డు చుట్టూ మాత్రం లేవు. కాన్పయ్యాక అవే పోయాయి.

కొత్తపేట అక్క:
సరే, కానీ చూసి చెప్పాల్సింది మనం కాదుగా. అమ్మాయ్, సర్జరీకి ఫోన్ చెయ్యకు. హాస్పిటల్ మెటర్నిటీ నంబర్ మిడ్‌వైఫ్ ఇచ్చిన నోట్స్‌లోనో యాప్‌లోనో ఉంటుంది, రాత్రైనా ఎత్తుతారు. ‘అరికాళ్ళ దురద, దద్దుర్లు లేవు’ అని ఆ మాటే చెప్పు.

పట్టాభిపురం అమ్మాయి:
అరికాళ్ళే అక్కా, నాలుగు రాత్రులుగా. ఫోన్ చేశాను, ఇప్పుడే రమ్మన్నారు. ఆయన నైట్ షిఫ్ట్‌లో ఉన్నారు.

బెజవాడ బాబాయ్:
నేను లెస్టర్ దగ్గరే, లాఫ్‌బరాలో ఉన్నానమ్మా. అడ్రస్ మెసేజ్ పెట్టు, కారు తీస్తున్నా.