హెబ్రీ 6:6 ‘తప్పిపోయినవారు’, లూకా 15 ‘తప్పిపోయి దొరకెను’: రెండు తప్పిపోవడాలూ ఒకటేనా?

సీతాఫల్‌మండి చెల్లి:
అందరికీ వందనాలు. మా యవనస్థుల బైబిల్ స్టడీలో ‘రక్షణ పోతుందా, పోదా’ అని మొదలై వాదన పెద్దదైంది. పోదన్నవాళ్లు లూకా 15 తీశారు: ‘ఈ నా కుమారుడు చనిపోయి మరల బ్రదికెను, తప్పిపోయి దొరకెను’. తప్పిపోయినా కొడుకు కొడుకే కదా అని. పోతుందన్నవాళ్లు హెబ్రీ 6 తీశారు. వెలిగింపబడి, పరలోక వరాన్ని రుచిచూసి, ఆ తరువాత ‘తప్పిపోయినవారు’. వాళ్లని మరల నూతనపరచుట అసాధ్యము. ఒకచోట తండ్రి ఎదురు పరుగెత్తాడు, ఇంకోచోట తిరిగి రానివ్వడమే లేదు. మేం చదివేది బైబిల్ సొసైటీ పాత అనువాదం. నేనడిగేది సిద్ధాంతం గురించి కాదు, మాట గురించి. (సిద్ధాంతం రాకుండా ఉంటుందన్న ఆశ నాకూ లేదు లెండి.)

మౌలాలి అన్న:
మా దిక్కు వాడుక చెప్త. నుమాయిష్‌ల మైకుల ‘పిల్లగాడు తప్పిపోయిండు’ అంటరు. పర్సయితే ‘పర్సు పోయింది’ అంటరు. పర్సు తప్పిపోయిందని ఎవ్వలనరు. కాళ్లున్నదే తప్పిపోతది. ఇంకోటి, తప్పిపోయినోన్ని అందరు దేవులాడుతరు, మాట తప్పినోన్ని ఎవ్వలు దేవులాడరు.

చిక్కడపల్లి మాష్టారు:
అమ్మా, మౌలాలి ఆయన చెప్పిన కాళ్ల సంగతి అనువాదకులకూ తెలుసు. లూకా 15 మొదట్నుంచి చూడు. గొఱ్ఱె ‘తప్పిపోయినయెడల’ అన్నారు; నాణెం దగ్గరికొచ్చేసరికి ఆ స్త్రీ దాన్ని ‘పోగొట్టుకొనిన’ది అన్నారు. గ్రీకులో మూడు కథలకూ ఒకటే క్రియ, అపొల్లుమి. పైగా అక్కడ గొఱ్ఱె విషయంలోనూ కర్త కాపరే: నూరింటిలో ఒకదాన్ని పోగొట్టుకున్నవాడు. తెలుగు గొఱ్ఱె తనంతట తానే వెళ్లిపోయింది. ఆ కొడుకు ‘ఆకలికి చచ్చిపోవుచున్నాను’ అన్నాడే, అదీ అదే క్రియ. యోహాను 10:28లో ‘అవి ఎన్నటికిని నశింపవు’, అదీ అదే.

హెబ్రీ 6:6లో ఉన్నది అది కాదు. అక్కడ పరపిప్తో, పక్కకు పడిపోవడం. కొత్త నిబంధన మొత్తంలో ఈ క్రియ ఈ ఒక్కచోటే వస్తుంది. దాని నామరూపం పరప్తోమ మాత్రం చాలాచోట్ల ఉంది. ఎఫెసీ 2:1లో మనవాళ్లు దాన్ని ‘అపరాధములు’ అన్నారు. ఆ లెక్కన హెబ్రీలో దారి తెలియని గొఱ్ఱె ఛాయ లేదు. అదే వాక్యంలో ‘దేవుని కుమారుని మరల సిలువవేయుచు, బాహాటముగా’ అవమానపరచడం ఉంది. 10:26కి వెళ్తే ‘బుద్ధిపూర్వకముగా’ అన్న మాటే పడుతుంది. నుమాయిష్‌లో తప్పిపోయిన పిల్లవాడు ఎవరినీ బాహాటంగా అవమానించడు. నన్నడిగితే హెబ్రీకి ‘తప్పిపోయినవారు’ మరీ మెత్తని మాట. గలతీ 5:4లో ‘కృపలోనుండి తొలగిపోయి’ అన్నారు, అక్కడి గ్రీకు మాటలోనూ పడిపోవడమే ఉంది. ఆ ‘తొలగిపోవు’ ఇక్కడా వాడి ఉంటే మీకీ చిక్కు వచ్చేది కాదు. లూకా 15 తెచ్చి హెబ్రీ 6కి జవాబు చెప్పడం తెలుగులో మాత్రమే దొరికే సౌకర్యం.

మల్కాజ్‌గిరి:
మాటల సంగతి ఒప్పుకుంటా మాష్టారూ. కానీ యోహాను 10:28 మీరు చెప్పిన క్రియతోనే ఉంది కదా. ‘ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు’ అని కూడా ఉంది. ఇక పోయేదెక్కడ? మార్జాల కిశోర న్యాయం. తల్లిపిల్లి నోట కరుచుకున్నాక కూన జారిపోయేదేముంది?

చిక్కడపల్లి మాష్టారు:
ఆ న్యాయం శ్రీవైష్ణవుల్లో తెంగలై వారిది. పిల్ల తల్లిని పట్టుకునే మర్కట న్యాయం వడగలై వారిది. వాళ్ల తగువు శరణాగతిలో జీవుడి వంతు ఎంత అని. దొరికిన శరణు తర్వాత పోతుందా అన్నది వేరే ప్రశ్న. అరువు తెచ్చుకోవచ్చు, ఆ తేడా గమనించి తెచ్చుకోవాలి.

అసలు ‘రక్షణ పోతుందా’ అన్న ప్రశ్నలోనే క్రియ సరిగా పడలేదు. పోవడం, పోగొట్టుకోవడం, వదులుకోవడం తెలుగులో మూడూ వేరు. దొంగ ఎత్తుకుపోడు అన్నంతవరకు ఎవరికీ తగువు లేదు. ఎత్తుకుపోలేరు సరే, వదులుకోవచ్చు కదా అని మెథడిస్టుల మూలపురుషుడు వెస్లీ వైపువాళ్లు. ‘ఎన్నటికిని నశింపవు’ అన్నప్పుడు వదులుకోవడమూ అందులో చేరిందే అని ప్రెస్బిటేరియన్లు అనుసరించే కాల్విన్ వైపువాళ్లు. కాల్విన్ వాదాన్ని ప్రశ్నించిన డచ్చి వేదాంతి అర్మీనియస్ 1609లో పోయాడు. మరుసటేడు ఆయన శిష్యులు రాసిన ఐదు అంశాల్లో చివరిది సరిగ్గా ఇదే, దాన్ని మాత్రం వాళ్లే తేల్చలేదు, లేఖనాల్లో ఇంకా వెతకాలని వదిలారు. 1618-19లో కాల్విన్ వైపువాళ్లు నెదర్లాండ్స్‌లో జరిపిన డోర్ట్ సభ పోదని తేల్చేసింది.

సికింద్రాబాద్ స్టేషన్ రోడ్డు:
1947లో సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పడ్డప్పుడు మెథడిస్టులూ ప్రెస్బిటేరియన్లూ ఒకే సంఘంలోకి వచ్చారు. ఈ వారం ప్రసంగంలో పోతుందనీ, పై వారం పోదనీ వింటే ఆశ్చర్యపోకండి.

మౌలాలి అన్న:
నాదొక అనుమానం. వీడు వదులుకుంటడని దేవునికి ముందే ఎరుకైతే, ఇగ వీని చేతుల ఏమున్నట్టు? మా నాయనమ్మ అయితే నొసటి రాత అంటది.

చిక్కడపల్లి మాష్టారు:
రోమా 8:29 రాత అనలేదు, ‘దేవుడెవరిని ముందు ఎరిగెనో’ అంది. మనిషిని ఎరుగుతాం, సంగతి తెలుసుకుంటాం. అదే గ్రీకు క్రియ 2 పేతురు 3:17లో సంగతుల మీద వస్తే ‘ముందుగా తెలిసికొనియున్నారు’ అన్నారు. మూలంలో లేని తేడా ఇది, అనువాదకులు చెవితో పట్టుకున్నారు, బాగా పట్టుకున్నారు. ఆమోసు 3:2లో ఇశ్రాయేలుతో ‘మిమ్మును మాత్రమే నేను ఎరిగియున్నాను’ అంటాడు దేవుడు. మిగతా జనాల గురించి ఆయనకు తెలియదని కాదు కదా.

అందుకే ‘ఫలానావాడు నమ్ముతాడని ముందే చూసి ఎంచుకున్నాడు’ అన్న వివరణ రోమాలోని తెలుగుకు అతకదు. 1 పేతురు 1:2లో ‘భవిష్యద్‌ జ్ఞానము’ దగ్గర చక్కగా అతుకుతుంది. మూలంలో రెండూ ఒకే ధాతువు. డాక్టర్లు ప్రోగ్నోసిస్ అనేదీ ఆ మాటే. భవిష్యద్‌ జ్ఞానం అనగానే మనకు పంచాంగం వాసన రావడం పేతురు తప్పు కాదు. రోమాలో ఆ వెంటనే ‘ముందుగా నిర్ణయించెను’ ఉంది, దాన్ని దాటేసి పోలేం. అయితే దేనికి నిర్ణయించాడో కూడా అక్కడే ఉంది: ‘తన కుమారునితో సారూప్యముగలవారగుటకు’.

తెలియడం వేరు, చేయించడం వేరు అని తొలినాటి సంఘాచార్యుడు అగస్టీను ఎప్పుడో అన్నాడు. జరిగినదాన్ని గుర్తుంచుకున్నంత మాత్రాన మనం దాన్ని జరిపించినట్టు కానట్టే, దేవుడి ముందెరుకా ఎవరినీ నెట్టదని. నాకది సగమే తృప్తి. జ్ఞాపకం జరిగినదాని వెనక నడుస్తుంది, ముందెరుక ముందు నడుస్తుంది.

సీతాఫల్‌మండి చెల్లి:
మాష్టారూ, ఇంకొక్కటి. హెబ్రీ 6లో ఉన్నవాళ్లు అసలు రక్షణ పొందనేలేదని మాలో ఒకాయన వాదం. 1 యోహాను 2:19 చూపిస్తాడు, ‘వారు మన సంబంధులు కారు’ అని. మరి అదే హెబ్రీ 6లో ‘పరిశుద్ధాత్మలో పాలివారై’ అని ఉంది కదా. మా ఊళ్లో పాలివాళ్లంటే మైల పట్టేవాళ్లు. అలాంటివాణ్ణి బయటివాడని ఎలా అంటాం?

చిక్కడపల్లి మాష్టారు:
మైల దాకా వెళ్లకమ్మా. లూకా 5:7లో పక్క దోనెలోని ‘పాలివారు’ కూడా అదే గ్రీకు మాట, మెతొఖొయ్. చేపల్లో వాటా ఉన్నవాళ్లు. అయినా వాటా ఉన్నవాడూ బయటివాడు కాడు గనక నీ ఆక్షేపణ నిలుస్తుంది. ఆయన్ని హెబ్రీ 3:14 తీయమను: ‘దృఢవిశ్వాసము అంతముమట్టుకు గట్టిగా చేపట్టినయెడల క్రీస్తులో పాలివారమై యుందుము’. తెలుగులో ఇది షరతు, పట్టుకుంటేనే ఉంటాం. గ్రీకులో ‘అయియున్నాము’ అని ఉంది, అప్పటికే అయిపోయిన పని. చివరిదాకా పట్టుకున్నాడంటే ముందే పాలివాడైనట్టు లెక్క అని ఆయన దాని మీద వాదించుకోవచ్చు. తెలుగు బైబిల్ మాత్రం నీ వైపే ఉంది.