చర్చ: స్పృహ ఇక రాదని తేలాక మంచం మీద ఉన్నది మనిషా, శరీరమా?

సాయంకాలం:
నా పక్షం ముందే చెప్పేస్తాను, తిట్టాలనుకునేవాళ్లకు సులువుగా ఉంటుంది. స్పృహ ఇక ఎప్పటికీ రాదని తేలిపోయాక అక్కడ ఉన్నది మనిషి కాదు, ఆ మనిషి తాలూకు శరీరం. గుండె కొట్టుకోవచ్చు, గోళ్లు పెరగొచ్చు, తిన్నది అరగొచ్చు. "నేను" అనుకునేవాళ్లు లోపల ఎవరూ లేనప్పుడు ఆ వెంటిలేటర్ ఎవరి కోసం?

ఇదేమీ కొత్త వాదన కాదు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ ఊపిరి పీల్చే మనిషినీ, వ్యక్తినీ విడదీసి చూశాడు. నిన్నటి తననూ ఇవాళ్టి తననూ ఒకరిగా ఎరగగలిగితేనే వ్యక్తి అన్నాడు. ఒక రాకుమారుడి మనసు చెప్పులు కుట్టేవాడి ఒంట్లో చేరితే, రాకుమారుడు చేసిన పనులకు జవాబు చెప్పాల్సింది ఆ ఒంట్లో ఉన్నవాడేనని తేల్చాడు. మన పరకాయ ప్రవేశం కథల్లోనూ అంతేగా. అమరుక మహారాజు ఒంట్లో దూరినా శంకరుడు శంకరుడే.

ముంబయి కెఈఎం ఆస్పత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ సంగతి అందరికీ తెలుసు. 1973 నవంబరులో అక్కడే పనిచేసే ఒకడు కుక్క గొలుసు మెడకు బిగించి ఆమె మీద అత్యాచారం చేశాడు. మెదడుకు ఆక్సిజన్ అందలేదు. 2015 మేలో న్యుమోనియాతో పోయేదాకా 41 ఏళ్లు మంచం మీదే. నన్నడిగితే ఆమె 1973లోనే పోయింది.

ఐసీయూ అక్క:
సాయంకాలం గారూ, రెండు వేరు వేరు స్థితుల్ని కలిపేశారు. అరుణ గారికి వెంటిలేటరే లేదు. తన ఊపిరి తనే పీల్చుకునేవారు. అలాంటివాళ్లు కళ్లు తెరుస్తారు, నిద్రపోతారు, మేలుకుంటారు. మేల్కొని ఉన్నా ఎరుక ఉన్నట్టు కనపడదు, అంతే. దాన్ని వెజిటేటివ్ స్థితి అంటారు.

బ్రెయిన్ డెత్ వేరు. అందులో మెదడు కాండం (బ్రెయిన్‌స్టెమ్, మెదడును వెన్నుపాముతో కలిపే భాగం) కూడా పోతుంది. దాన్ని తేల్చడానికి నలుగురు డాక్టర్ల బోర్డు, ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు. వాటిలో ఒకటి ఆప్నియా టెస్టు: ఆక్సిజన్ అందిస్తూనే వెంటిలేటర్ విడదీసి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేదాకా చూస్తారు. మెదడు కాండంలో ఊపిరిని నడిపించే భాగం పనిచేస్తుంటే మనిషి ఊపిరి తీసుకోక మానడు. తీసుకోలేదంటే తీసుకోలేదనే. ఇందులో ఊహలకు చోటు లేదు.

ఇంటివాళ్లకు ఈ తేడా చెప్పడం ఎంత కష్టమో ఐసీయూలో పనిచేసేవాళ్లను అడగండి. "ఛాతీ కదులుతోంది కదమ్మా" అంటారు. ఆ కదిలించేది మెషీనని చెప్పడానికి నోరు రాదు.

నల్లమల:
తేడా చెప్పారు, బాగుంది. కానీ సాయంకాలం అడిగింది అలాగే ఉంది. రెండింటిలోనూ ఎరుక లేదు. మరి ఒకరిని పోయారనీ, ఇంకొకరిని ఉన్నారనీ అనడం దేన్నిబట్టి? ఊపిరినిబట్టా? అయితే మనం వెతుకుతున్నది మనిషిని కాదు, ఊపిరితిత్తుల్ని.

ఐసీయూ అక్క:
"రెండింటిలోనూ ఎరుక లేదు" అన్నారు. అసలు తగువంతా అక్కడే. లేదని మీకెలా తెలుసు?

2006లో కేంబ్రిడ్జ్‌లో న్యూరోసైంటిస్టు ఏడ్రియన్ ఓవెన్ బృందం ఒక పరీక్ష చేసింది. రోడ్డు ప్రమాదం తర్వాత ఐదు నెలలుగా వెజిటేటివ్ స్థితిలో ఉన్న 23 ఏళ్ల అమ్మాయిని మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే స్కానర్‌లో పడుకోబెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమన్నారు. కదలికల్ని సిద్ధం చేసే భాగం వెలిగింది. మీ ఇంట్లో గది గదికీ తిరుగుతున్నట్టు ఊహించుకోమంటే దారులూ చోట్లూ గుర్తుపట్టే భాగం వెలిగింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఎలా వెలిగిందో అచ్చం అలాగే. మంచం పక్కన నిలబడి చూసిన డాక్టర్లకు మాత్రం ఆ అమ్మాయి వేలు కూడా కదపలేదు.

2010లో 54 మందిని చూస్తే ఐదుగురు ఇలా చేయగలిగారు. వాళ్లలో ఒకాయన అవునంటే టెన్నిస్, కాదంటే ఇల్లు ఊహించుకుంటూ తన కుటుంబం గురించి అడిగినవాటికి జవాబులు చెప్పాడు. 2024లో ఇంకా పెద్ద అధ్యయనం వచ్చింది. పైకి ఏ స్పందనా లేని 241 మందిలో 60 మంది మెదళ్లు చెప్పిన పని చేశాయి. నలుగురిలో ఒకరు!

సాయంకాలం:
అక్కా, అది వాళ్లకు స్పృహ ఉందని చూపిస్తుంది. నా వాదన స్పృహ లేనివాళ్ల గురించి. ఆ 60 మందినీ మనుషుల లెక్కలో వేసేద్దాం, నాకేం అభ్యంతరం లేదు. మిగిలిన 181 మంది సంగతేంటి?

ఐసీయూ అక్క:
ఆ అధ్యయనంలోనే చెప్పినమాట వింటూ, పైకి స్పష్టంగా స్పందించగలిగినవాళ్లు 112 మంది ఉన్నారు. అదే పరీక్ష వాళ్లకూ పెడితే నెగ్గింది 38 శాతం మందే. అంటే స్పృహ ఉందని మన కళ్లకు కనపడుతున్నవాళ్లనే ఆ యంత్రం సగానికి పైగా వదిలేసింది. ఇక ఆ 181 మంది ఖాళీ అని ఏ ధైర్యంతో చెప్తారు? పరీక్షలో దొరికితే ఉన్నట్టు. దొరక్కపోతే లేనట్టు కాదు, తెలియనట్టు.

డల్లాస్ బాబు:
మంచి పాయింట్. అసలు "ఉండడం" అంటే ఏంటో సైన్స్ ఇంకా తేల్చలేదు. 1998లో న్యూరోసైంటిస్టు క్రిస్టాఫ్ కాక్, తత్వవేత్త డేవిడ్ చామర్స్ పందెం వేసుకున్నారు, పాతికేళ్లలో మెదడులో స్పృహ జాడ తేలుతుందని కాక్, తేలదని చామర్స్. 2023లో న్యూయార్క్‌లో సభలోనే కాక్ ఓడినట్టు ఒప్పుకుని వైన్ సీసాలు ఇచ్చుకున్నాడు. స్పృహ మీద ఉన్న రెండు పెద్ద సిద్ధాంతాల్ని ఎదురెదురుగా పెట్టి 256 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి. ఏ ఒక్కటీ పూర్తిగా నెగ్గలేదు. ఇంతకీ చాట్‌బాట్ల సంగతి ఏంటి? రేపు ఒక ఏఐ "నేను ఉన్నాను" అంటే...

నల్లమల:
బాబూ, ఏఐకి వేరే చర్చ పెట్టు. ఇక్కడ కలిపితే రేపటికి అందరం రోబోల దగ్గర తేలతాం.

పంతులు మాస్టారు:
లాక్‌ను తెచ్చారు కాబట్టి చెప్తున్నాను. ఎరుకే వ్యక్తి అయితే గాఢ నిద్రలో మీరు ఎక్కడికి పోతున్నారు? కలలు కూడా లేని ఆ రెండు మూడు గంటలూ సాయంకాలం గారు లేనట్టేనా?

మనవాళ్లు దీని మీద వందల ఏళ్లు కొట్టుకున్నారు. అద్వైతులు ఏమంటారంటే, లేచాక "హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు" అంటాం, అది జ్ఞాపకం. అనుభవం లేకుండా జ్ఞాపకం ఉండదు. కాబట్టి నిద్రలోనూ సాక్షిగా చైతన్యం ఉంది. నైయాయికులు, అంటే న్యాయ దర్శనంవాళ్లు, ఒప్పుకోలేదు. అది జ్ఞాపకం కాదు, లేచాక ఒళ్లు తేలికగా ఉండడం చూసి ఊహించి తేల్చుకున్నది అన్నారు. వాళ్ల లెక్కలో ఆత్మ ఒక ద్రవ్యం, అంటే గుణాలకు ఆధారమైన వస్తువు, జ్ఞానం దానికి వచ్చిపోయే గుణం. గుణం లేనప్పుడూ ద్రవ్యం ఉంటుంది. మోక్షంలో కూడా జ్ఞానం ఉండదని వాళ్లు తెగించి చెప్పారు. అందుకే శ్రీహర్షుడు తన నైషధంలో, మన శ్రీనాథుడు తెలుగు చేసిన కావ్యానికి మూలం అదే, ఆత్మనూ పరలోకాన్నీ నమ్మని ఒక చార్వాకుడి నోట, న్యాయ దర్శనానికి మూలపురుషుడైన గౌతముణ్ణి ఎగతాళి చేయించాడు, రాయిలా పడి ఉండడమే ముక్తి అని బోధించాడని.

నా మొగ్గు నైయాయికుల వైపు. స్పృహ మనిషికి ఉండే గుణం. గుణం పోయిందని మనిషే పోయాడనడం తొందరపాటు.

నల్లమల:
మాస్టారూ, నేను ఆ ఎగతాళి చేసినవాడి జట్టు. పిండి పులిసినప్పుడు మత్తు పుట్టినట్టే నేల, నీరు, నిప్పు, గాలి అనే భూతాలు కలిసినప్పుడు చైతన్యం పుడుతుందన్నారు చార్వాకులు. ఆ కలయిక చెడితే చైతన్యం పోతుంది, దాని వెనక దాక్కున్న ద్రవ్యం ఏదీ లేదు. నిద్రకేముంది, తట్టి లేపితే లేస్తాం. మెదడు చెక్కుచెదరకుండా ఉంది కాబట్టి ఆ శక్తి ఉంది. మెదడు కాండమే కుళ్లిపోయాక ఎవర్ని తట్టి లేపుతారు? నిద్ర ఉదాహరణ కోమాకు పనికొస్తుందేమో, బ్రెయిన్ డెత్‌కు పనికిరాదు.

పంతులు మాస్టారు:
"శక్తి ఉంది" అన్నారు చూడండి, అక్కడ మీరూ ఎరుకను వదిలేసి ఎరుకకు ఆధారమైనదాన్ని పట్టుకున్నారు. నేను అన్నదీ అదే. మీరు దాన్ని మెదడు అంటారు, నైయాయికుడు ఆత్మ అంటాడు. మొత్తానికి సాయంకాలం గారి మొదటి వాక్యం మాత్రం ఇద్దరి దగ్గరా నిలవదు.

నల్లమల:
నిలుస్తుంది మాస్టారూ, "ఇక ఎప్పటికీ రాదని" అని ఆయన ముందే పెట్టుకున్నారు. కానీ అక్క చెప్పిన 38 శాతం తర్వాత ఆ "ఎప్పటికీ" అనే మాటను వెజిటేటివ్ వాళ్ల విషయంలో నేను వాడలేను. బ్రెయిన్ డెత్ విషయంలో వాడతాను.

గుంటూరు ప్లీడరు:
తత్వం అయిందా? ఇక చట్టం వినండి, ఇంకా తమాషాగా ఉంటుంది.

మన చట్టానికి వ్యక్తి కావడానికి స్పృహ అక్కర్లేదు. గుళ్లో దేవుడి పేరు మీద భూములుంటాయి, దావాలుంటాయి. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలకు కూడా వ్యక్తి హోదా ఇచ్చింది, జులైలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చిందనుకోండి. కాబట్టి "స్పృహ లేదు, వ్యక్తి కాదు" అనే వాదన కోర్టు మెట్లెక్కదు.

చావు విషయానికొస్తే, 1994 అవయవ మార్పిడి చట్టం బ్రెయిన్‌స్టెమ్ డెత్‌ను మరణంగా ఒప్పుకుంటుంది. 1969 జనన మరణాల నమోదు చట్టంలో మాత్రం జీవం తాలూకు ఆనవాళ్లన్నీ శాశ్వతంగా మాయమైతేనే మరణం. అంటే అవయవ దానానికి ఇంటివాళ్లు సంతకం పెడితే ఆ మనిషి చనిపోయినట్టు స్పష్టం. పెట్టకపోతే? అదే ఐసీయూ, అదే ఫలితం, కానీ వెంటిలేటర్ తీయమంటే డాక్టర్లకు టెన్షన్. ఇంటివాళ్ల సంతకం మీద చావు ఆధారపడడం ఏం న్యాయం?

2004 డిసెంబరులో మన హైకోర్టుకొచ్చిన కేసు ఇంకా నా మనసులో ఉంది. హైదరాబాద్ చెస్ క్రీడాకారుడు వెంకటేష్, పాతికేళ్ల కుర్రాడు, కండరాల జబ్బు. పూర్తి స్పృహతో, తన అవయవాలు పాడవకముందే దానం చేయాలనుకున్నాడు. తల్లి సుజాత గారు కోర్టుకెళ్లారు. అతనికి బ్రెయిన్ డెత్ కాలేదు కాబట్టి చట్టం ఒప్పుకోదన్నారు. కొద్ది రోజుల్లోనే పోయాడు. స్పృహే మనిషికి గుర్తని సాయంకాలం గారు అంటున్నారు. నిండా స్పృహ ఉన్న మనిషి నోరు తెరిచి అడిగింది మాత్రం చెల్లలేదు.

డల్లాస్ బాబు:
ప్లీడరు గారూ, ఇక్కడ అంతకన్నా విచిత్రం జరిగింది. 2013 డిసెంబరులో కాలిఫోర్నియాలో గొంతు ఆపరేషన్ తర్వాత పదమూడేళ్ల అమ్మాయికి బ్రెయిన్ డెత్ అని తేల్చారు, డెత్ సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఇంటివాళ్లు ఒప్పుకోలేదు. న్యూజెర్సీలో మతవిశ్వాసం కారణంగా బ్రెయిన్ డెత్‌ను తిరస్కరించే వీలు చట్టంలోనే ఉంది. అక్కడికి తీసుకెళ్లారు. 2018 జూన్ వరకు ఆ అమ్మాయి అక్కడ పేషెంటే. ఒక రాష్ట్రంలో చనిపోయిన అమ్మాయి ఇంకో రాష్ట్రంలో బతికే ఉంది.

సాయంకాలం:
ఇది నా వాదనకే బలం. రాష్ట్రం దాటితే మారిపోయేది నిజం ఎలా అవుతుంది? చట్టాలు సౌకర్యం కోసం గీతలు గీస్తాయి. నేను అడుగుతున్నది గీత గురించి కాదు, అసలు లోపల ఎవరైనా ఉన్నారా అని.

ఐసీయూ అక్క:
లోపల ఉన్నారా లేదా అనేది ఒక్కటే లెక్క అయితే, అరుణ గారికి 41 ఏళ్లు ఒళ్లు తుడిచి, తినిపించి, బెడ్‌సోర్ రాకుండా చూసుకున్న కెఈఎం నర్సులు ఎవరికి చేసినట్టు? ఆమెకు తిండి పెట్టడం ఆపి పోనివ్వమని ఆమె తరఫున ఒక జర్నలిస్టు వేసిన పిటిషన్‌ను 2011 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆమె తరఫున నిర్ణయించాల్సింది ఇన్నేళ్లుగా చూసుకుంటున్న ఆస్పత్రివాళ్లేనంది. స్కానర్ చెప్పలేనిది కోర్టు అలా తేల్చింది. మనిషితనం పుర్రె లోపల మాత్రమే ఉంటుందని నేను అనుకోను.

నల్లమల:
అక్కా, ఇది వినడానికి బాగుంది కానీ నాకు భయం వేస్తుంది. చూసుకునేవాళ్లు ఉంటే మనిషి, ఎవరూ లేని అనాథ అయితే కాదా? నర్సుల ప్రేమను తక్కువ చేయట్లేదు. కానీ అది అరుణ గారి హక్కుకు ఆధారం కాకూడదు. లోపల ఎవరైనా ఉండొచ్చనే అనుమానమే చాలు. దానికి మీ టెన్నిస్ పరీక్ష చాలా పెద్ద సాక్ష్యం.

ఐసీయూ అక్క:
సరే, అది ఒప్పుకుంటాను. అనాథల విషయం నిజమే, చూస్తున్నాను కూడా.

సాయంకాలం:
పోనీ నా సంగతి నేనే తేల్చుకుంటాను. నాకు ఆ స్థితి వస్తే ట్యూబులు వద్దు. ఇది రాసిపెడితే చెల్లుతుందా ప్లీడరు గారూ?

గుంటూరు ప్లీడరు:
చెల్లుతుంది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అప్పట్లో మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, ఎవరూ వెళ్లలేకపోయారు. 2023 జనవరిలో సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఎదుట సంతకం చాలు. మీ తరఫున నిర్ణయం చెప్పేవాళ్ల పేర్లు అందులో రాయండి, ఒక కాపీ వాళ్ల దగ్గర ఉంచండి. అమలు చేసేముందు ఆస్పత్రిలో ఒక మెడికల్ బోర్డు, దాని మీద ఇంకో బోర్డు చూస్తాయి. బుద్ధి స్థిరంగా ఉన్నంతకాలం ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు.

పంతులు మాస్టారు:
ఒక్క మాట. సాయంకాలం గారి లెక్క ప్రకారం ఆ స్థితిలో ఉండేది ఆయన కాదు. మరి తనది కాని శరీరం గురించి వీలునామా రాసే అధికారం ఆయనకెక్కడిది?

సాయంకాలం:
మాస్టారూ, నా చొక్కా నేను పోయాక ఎవరికివ్వాలో రాయనా? అదీ అంతే.

పంతులు మాస్టారు:
చొక్కా టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోదు. మతిమరుపు జబ్బు వచ్చి, పేరు కూడా మరిచిపోయి, అయినా పొద్దున్నే కాఫీ ఇస్తే నవ్వే ముసలాయన రేపు మీరే అయ్యారనుకోండి. లాక్ ప్రకారం ఆయన కాగితం రాసినవాడు కాడు. ఆయన్ను న్యుమోనియా వస్తే మందివ్వకుండా వదిలేయమని పాత సాయంకాలం రాసి ఉంటే, ఆ నవ్వే మనిషి మీద ఆ కాగితానికి అధికారం ఉందా?

గుంటూరు ప్లీడరు:
కోలుకునే ఆశ లేని జబ్బు అయితేనే ఆ కాగితం పనిచేస్తుంది, మందుతో తగ్గే న్యుమోనియాకు కాదు. కానీ మాస్టారి ప్రశ్న అది కాదని తెలుసు.

సాయంకాలం:
ఆ ముసలాయన విషయంలో మందు ఇవ్వండి. నవ్వుతున్నాడుగా. బ్రెయిన్ డెత్ అయితే మాత్రం ఆరు గంటల తర్వాత రెండో పరీక్ష అవగానే తీసేయండి, అవయవాలు ఎవరికి పనికొస్తే వాళ్లకివ్వండి. ఈ రెండింటి మధ్య ఉన్నవాళ్ల గురించి రాసే పేరా దగ్గరే పెన్ను ఆగింది. అక్కా, ఆ టెన్నిస్ పరీక్ష పెట్టి చూసేదాకా ఏమీ తీయొద్దని రాస్తే మీ డాక్టర్లు పట్టించుకుంటారా?

ఐసీయూ అక్క:
రాయండి. అడిగేవాళ్లు ఒకరు పక్కన ఉండేలా చూసుకోండి, మీ తరఫున మాట్లాడేవాళ్ల పేరు రాసే చోట గట్టిగా పోట్లాడేవాళ్లను పెట్టండి.