ముగ్గురాయి రాయా, ఖనిజమా?

కోడూరు కోడలు: నమస్కారం అండీ. మా పాప ఎనిమిదో తరగతి చదువుతోంది. పాఠంలో ఖనిజాల పట్టికలో బెరైటీస్ అని ఇచ్చి పక్కన ముగ్గురాయి అని రాశారు. "పేరులోనే రాయి ఉంది కదమ్మా, మరి శిలల పట్టికలో ఎందుకు లేదు?" అని పట్టుకుంది. మంగంపేట మాకు దగ్గరే, ముగ్గురాయి లారీలు రోజూ చూస్తాం. కానీ జవాబు తెలియలేదు. రాయి, శిల, ఖనిజం, వీటికి తెలుగులో నిజంగా తేడా ఉందా?

నిఘంటువు పురుగు: రాయి తెలుగు, శిల సంస్కృతం. అంతే తేడా తల్లీ. మామూలు మాట రాస్తే బడిలో గౌరవం ఉండదని శిల చేశారు.

సుత్తీ లెన్సూ: "అంతే" అంటే ఒప్పుకోలేను గురువుగారూ. నేను భాష చదివినవాణ్ణి కాదు, జియాలజీ చదివి కడప, అనంతపురం కొండల్లో రాళ్ళు పగలగొట్టుకుంటూ బతికినవాణ్ణి. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు పాప ప్రశ్న. ఖనిజం అంటే ప్రకృతిలో తనంతట తాను ఏర్పడి, ఫలానా రసాయన కూర్పు, లోపల పరమాణువులకు ఒక క్రమమైన అమరిక ఉన్న పదార్థం. అలాంటివి కలిసి గట్టిపడితే శిల. గ్రానైట్ ముక్కని ఎండలో తిప్పి చూడమనండి. గాజుపెంకులా ఉండేది క్వార్ట్జ్, చదునైన ముఖాలతో తెల్లగానో గులాబీ రంగుగానో ఉండేది ఫెల్డ్‌స్పార్, తళుక్కుమనే రేకులు మైకా. ఖనిజాలు మూడు, శిల ఒకటి. అయితే అప్పుడప్పుడు ఒకే ఖనిజం కొండంత పేరుకుంటుంది. మంగంపేటలో జరిగింది అదే. బేరియం సల్ఫేట్, అంటే మన బెరైటీసే, పొరలు పొరలుగా అంత మందాన పడింది కాబట్టి, చేతిలో ముక్కగా చూస్తే ఖనిజం, గనిలో గోడగా చూస్తే శిల. జియలాజికల్ సర్వే వాళ్ళు ఆ పొరలని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా కూడా గుర్తించారు. కాబట్టి పాప అనుమానం సరైనదే, దాన్ని కొట్టిపారేయకండి.

ఇక "రాయి". ఈ మాట ఖనిజమా శిలా అని అసలు పట్టించుకోదు. చేతికి ఏం చేస్తుంది అన్నదే దాని లెక్క. పలకరాయి, బలపపు రాయి, సున్నపురాయి, చెకుముకిరాయి, సూదంటురాయి, ముగ్గురాయి... వీటిలో ఖనిజాలున్నాయి, శిలలున్నాయి, పేరు పెట్టినవాళ్ళకి ఆ గొడవే లేదు. కానీ పేరు వెనక పరీక్ష ఉంది చూడండి. మేం కాలేజీలో మొదటి నెల నేర్చుకునేది గీత పరీక్ష: తెలియని ఖనిజాన్ని గరుకు పింగాణీ బిళ్ళ మీద గీసి, పొడి ఏ రంగులో రాలిందో చూస్తాం. మంగంపేట రాయి బయటికి బూడిదరంగులో కనిపిస్తుంది, పొడి మాత్రం తెల్లన. వాకిట్లో ముగ్గుకి పనికొస్తుందని కనిపెట్టిన ఆవిడ ఎవరో ఆ పరీక్ష ఏనాడో చేసేసింది. పలక మీద బలపం కూడా అదే. బలపపు రాయిలో ఉండేది టాల్కు, మోస్ అనే ఆయన 1812 ప్రాంతంలో వేసిన గట్టితనపు మెట్లలో అది 1. గోటితో గీసినా చారపడుతుంది. పలుగురాయి, అంటే క్వార్ట్జ్, 7. చాకుతో గీస్తే రాయి మీద చాకు ఇనుమే అంటుకుంటుంది.

ఇక్కడే ఊరి పేర్లతో ఒక చిక్కు ఉంది, దాచడం ఎందుకు. ముగ్గుపిండిగా అమ్మేదంతా బెరైటీస్ కాదు. సున్నపురాయి పొడి, డోలమైట్ పొడి కూడా ముగ్గుపిండే. "ఇక్కడ ముగ్గురాయి పడింది సార్" అని ఎవరైనా ఫోన్ చేస్తే నేను అడిగే మొదటి మాట "చేత్తో ఎత్తి చూశారా?" అని. అదే సైజు పలుగురాయి ఒక చేతిలో, ఇది ఒక చేతిలో పెట్టుకుంటే తేలిపోతుంది. క్వార్ట్జ్ నీటికి 2.65 రెట్లు బరువు, సున్నపురాయి 2.7, బెరైటీస్ 4.5. ఆ బరువే దాని వ్యాపారం కూడా. చమురు బావులు తవ్వేటప్పుడు అడుగునుంచి గ్యాసు ఎగదన్నకుండా ఈ పొడి కలిపిన బురదని బావిలోకి పంపుతారు. గ్రీకులో "బరువైన" అనే మాట నుంచే దానికి బెరైటు అని పేరొచ్చింది. గ్రీకు మాట తెచ్చినవాళ్ళు బరువు చూశారు, మనవాళ్ళు పొడి చూశారు. నాకైతే రెండు పేర్లూ కావాలి.

తాండూరు బండ: మా దిక్కు రాయికి సైజుని బట్టి కూడా పేర్లున్నాయి సార్. బండ, గుండు, గులకరాయి, కంకర, గరుసు, ఇసుక. నాపరాయిని మేం ఎక్కువగా "బండలు" అనే అంటం. తాండూరు బండలు, షాబాద్ బండలు. అది సున్నపురాయే అని చాలామందికి తెల్వదు.

సుత్తీ లెన్సూ: చక్కగా చెప్పావు తమ్ముడూ. అవక్షేపాలు, అంటే నీళ్ళూ గాలీ మోసుకొచ్చి పేర్చిన రాళ్ళూ ఇసుకా మట్టీ, చదివేవాళ్ళకి ఈ సైజులే ప్రాణం. వెంట్‌వర్త్ 1922లో ఇచ్చిన కొలతలే ఇప్పటికీ వాడతాం: 256 మిల్లీమీటర్లు దాటితే ఒక పేరు, 64 దాటితే ఇంకోటి, 2 మిల్లీమీటర్ల కిందికొస్తే ఇసుక, అందులో పదహారో వంతు మిల్లీమీటరు కన్నా సన్నమైతే ఒండ్రు. గుండు, గులకరాయి, గరుసు, ఇసుక, ఒండ్రు అనే వరసని ఆ గీతల మీద ఉన్నదున్నట్టు కూర్చోబెట్టొచ్చు. పుస్తకాలు రాసేవాళ్ళు వీటిని వదిలి సంస్కృతంలో వెతకడం నాకు అర్థం కాదు. నాపరాయి సున్నపురాయే అన్నది నిజం. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే నురగ వస్తుంది. వంటింట్లో నాపరాయి గట్టు మీద నిమ్మరసం ఒలికితే మరక పడేది కూడా అందుకే.

పుణె తెలుగు: ఇక్కడ ఆ గట్టు పేరే "కడప్పా" అండీ! వంటింటి నల్లరాయిని మరాఠీలో అలాగే అంటారు. మా ఇంటి ఓనరుకి కడప ఒక ఊరని చెబితే నమ్మలేదు, మ్యాపు తెరిచి చూపించాల్సొచ్చింది.

సుత్తీ లెన్సూ: మీ ఓనరుకి ఇంకో మాట కూడా చెప్పండి. విలియం కింగ్ అనే ఆయన 1872లో జియలాజికల్ సర్వే తరఫున కడప, కర్నూలు రాళ్ళ మీద పెద్ద నివేదిక రాశాడు. అప్పటినుంచి ప్రపంచంలో ఈ చదువు చదివినవాళ్ళందరికీ కడప అంటే ఊరు కాదు, సుమారు 44,000 చదరపు కిలోమీటర్ల నెలవంక ఆకారపు రాతి పళ్ళెం. అందులో ఒక్కో పొరకి ఒక్కో ఊరి పేరు: వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట, కంబం, శ్రీశైలం. అన్నిటికన్నా అడుగు పొర "గుల్చేరు". ఎక్కడిదా ఈ ఊరు అని వెతక్కండి, కోవాకి పేరున్న మన గువ్వలచెరువే.

నిఘంటువు పురుగు: సరే, శిలకి కొత్త అర్థం వచ్చిందని ఒప్పుకుంటాను. శిలాశాసనం, శిలావిగ్రహం అన్నప్పుడు ఆ శాస్త్రార్థం లేదు, అదీ గుర్తుంచుకోండి. మరి అవక్షేప శిల అనే నోరు తిరగని మాట బదులు "పొరరాయి" అంటే ఏం? రూపాంతర శిలని "మారురాయి" అనండి. పిల్లలకి సుఖం.

సుత్తీ లెన్సూ: మారురాయి నాకు నచ్చింది, వాడేస్తాను. పొరరాయి మాత్రం వద్దు. విశాఖ కొండల్లో రాయి చూడండి, చారలు చారలుగా పొరల్లాగే కనిపిస్తుంది. అది ఖొండలైటు, గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలు ఉండే మారురాయి. ఒకప్పుడు నీళ్ళ అడుగున పేరుకున్న మట్టే, తర్వాత భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ పూర్తిగా మారిపోయింది. పొరరాయి అని పేరు పెడితే పిల్లలు దాన్ని కచ్చితంగా అందులో వేస్తారు. అన్నట్టు ఖొండలైటు అనే పేరు ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టింది.

కోడూరు కోడలు: పాపకి చదివి వినిపించాను, పలుగురాయీ ముగ్గురాయీ తెచ్చి ఇంట్లో తూకం మొదలుపెట్టింది! కానీ వాళ్ళ నాన్న ఇంకో పేచీ పెట్టారు. గనుల ఆఫీసు కాగితాల్లో ఇసుకని, కంకరని కూడా ఖనిజం అనే రాస్తారట. ఇసుక ఖనిజం ఎలా అవుతుంది?

సుత్తీ లెన్సూ: ఆయన అడిగింది న్యాయమే. ఖని అంటే గని, "జ" అంటే పుట్టింది. గనిలో పుట్టిందల్లా ఖనిజమే అని మాటకి మొదటి అర్థం. ఇంగ్లీషు మినరల్ కూడా మైన్ నుంచి వచ్చిందే. శాస్త్రం ఆ మాటని ఇరుకు చేసింది, చట్టం చెయ్యలేదు. 1957 నాటి గనుల చట్టంలో ఇసుక, కంకర, ఇళ్ళకి వాడే రాయి అన్నీ "చిన్న తరహా ఖనిజాలు". మీ ముగ్గురాయి కథ ఇంకా తమాషా: 2015లో దాన్ని చిన్న తరహాలోకి దించారు, 2025 ఫిబ్రవరిలో మళ్ళీ పెద్ద తరహాలోకి ఎక్కించారు. మైకా, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ కూడా దాంతోపాటే దిగి, దాంతోపాటే ఎక్కాయి. రాయల్టీ, అనుమతులు ఎవరి చేతిలో ఉండాలన్నదే అక్కడి గొడవ, రాయిలో ఏ మార్పూ లేదు. పరీక్షలో పాప "బెరైటీస్ ఒక ఖనిజం, మంగంపేటలో అది పొరలుగా దొరుకుతుంది" అని రాస్తే చాలు.

తాండూరు బండ: సార్, చివరికి ఒకటి. మా ఇంటికి చీమకుర్తి బ్లాక్ గ్రానైట్ వేయిస్తున్నం. అది కూడా మీరు చెప్పిన మూడు ఖనిజాల గ్రానైటేనా?

సుత్తీ లెన్సూ: కాదు. అందులో మెరిసే బంగారు చుక్కలు మైకా కూడా కావు, బ్రాంజైట్ అనే పైరాక్సీన్ జాతి ఖనిజం. రాయి గాబ్రో జాతిది, లోతున చల్లబడిన నల్లటి అగ్నిశిల. వ్యాపారంలో పాలిష్ పట్టే గట్టి రాయిని అంతటినీ గ్రానైట్ అంటారు. షాపులో మాత్రం గాబ్రో అని అడగొద్దు తమ్ముడూ, లేదని పంపించేస్తారు.